ఈలతో కంప్యూటర్ నడుస్తుందా?

ప్రశ్న: నాది రోజంతా టైపింగ్ పని. మణికట్టు నొప్పి వల్ల కీబోర్డు వాడకం తగ్గించాలనుకుంటున్నాను. మాటలతోనే కాదు, ఈల, చప్పట్ల లాంటి శబ్దాలతో కూడా ఇంట్లో కంప్యూటర్ నడపొచ్చట. పనికొచ్చే వ్యవహారమేనా, సరదాకేనా?

జవాబు: పనికొస్తుంది. కాకపోతే అన్నీ శబ్దాలతోనే కానిచ్చేద్దామనుకుంటే వారంలో విసుగొస్తుంది, ఎందుకంటే తడబడకుండా గుర్తుపెట్టుకోగలిగే శబ్దాలు ఓ అయిదారు, కీబోర్డు మీదేమో వంద మీటలు. అందుకే రాయడానికి మాట, క్లిక్‌కి శబ్దం అని పని పంచేయండి.

మాటలకి విండోస్ 11లో వాయిస్ యాక్సెస్ ఉంది, మ్యాక్‌లో 2019 నుంచి వాయిస్ కంట్రోల్ ఉంది. ఇంగ్లిష్‌లో ‘షో నంబర్స్’ అంటే స్క్రీన్ మీద నొక్కడానికి వీలున్న ప్రతిచోటా ఒక అంకె పడుతుంది, అది చెబితే క్లిక్ అవుతుంది. బాగుంది కానీ, ఒక పేజీ కిందికి జరపడానికి కూడా మాట్లాడుతూ కూర్చోవాలంటే ప్రాణం విసుగుతుంది. అక్కడే శబ్దం గెలుస్తుంది. టాలన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెదాలు బిగించి ‘ప్’ అని వదిలితే క్లిక్, ‘స్‌స్‌స్’ అంటే స్క్రోల్ అయ్యేలా పెట్టుకోవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు తయారుచేసిన వోకల్ జాయ్‌స్టిక్‌లో అయితే ఒక్కో అచ్చుకి మౌస్ ఒక్కో దిక్కుకి కదులుతుంది, గొంతు పెంచితే వేగం పెరుగుతుంది (మళ్లీ అచ్చులు దిద్దుకున్నట్టే!).

ఈల దాదాపు ఒకే స్వరం కాబట్టి ఫ్యాన్ రొదలో కూడా సులువుగా దొరుకుతుంది. చప్పట్లు మాత్రం వద్దు. అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒక్క క్షణంలో కలిసి పేలే శబ్దం అది, తలుపు టప్పున పడ్డా మైక్‌కి అలాగే వినిపిస్తుంది. నేను చప్పట్లకి విండో మూసేయడం పెట్టుకున్నాను, ఎవరో అల్మారా తలుపు వేశారు, రాస్తున్న ఫైలు మూసుకోబోయింది. సేవ్ చేయాలా అని అడిగింది కాబట్టి బతికిపోయాను. డిలీట్ లాంటివైతే ఏ శబ్దానికీ ఇవ్వకండి.

హెడ్‌సెట్ మైక్ పెదాల ఎదురుగా కాకుండా నోటి మూలకి పెట్టుకోండి, లేకపోతే ఊపిరి తగిలినా క్లిక్ అయిపోతుంది. స్పీకర్లు ఆపి ఇయర్‌ఫోన్స్ వాడండి. నొప్పి సంగతి డాక్టరుకి చూపించండి, అది వేరే. ముందు రెండు రోజులు ‘ప్’ ఒక్కటే వాడి, నోటికి అలవాటయ్యాకే ఇంకో శబ్దం కలపండి.