బాచ్ వేరు, బంగిల్ వేరు

పని చెడగొట్టడాన్ని ఇంగ్లిష్‌లో మిస్టేక్, బ్లండర్ అని కాక ఇంకేమంటారు, ఏది ఎక్కడ వాడాలి అని అడిగారు. ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో చాలా ఏళ్లు ఏజెన్సీ వార్తలు అనువదించాను. రోజూ ఈ మాటలతోనే కుస్తీ కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

చేత్తో చేసే పని చెడితే బాచ్. పని పూర్తవుతుంది కానీ ఉన్నది కాస్తా పాడవుతుంది. రిపేరు, హెయిర్ కట్, ఆపరేషన్, దేనికైనా వాడతారు. 'బాచ్డ్ సర్జరీ' అని కనిపిస్తే చాలు, మా డెస్క్‌లో 'ఆపరేషన్ వికటించి' అని రాసేసేవాళ్లు. నాకది ఎప్పుడూ మింగుడుపడలేదు. వికటించడంలో డాక్టర్ తప్పు ఉండొచ్చు, లేకపోవచ్చు. బాచ్ అన్నారంటే మాత్రం డాక్టర్‌ని వేలెత్తి చూపినట్టే.

దీనికి స్పెయిన్‌లోని బోర్హా ఊరి కథను మించిన ఉదాహరణ లేదు. అక్కడి చర్చి గోడ మీద ముళ్ల కిరీటంతో ఉన్న ఏసుక్రీస్తు బొమ్మ పెచ్చులూడిపోతుంటే, 2012లో సెసీలియా హిమెనెస్ అనే ఎనభై దాటిన పెద్దావిడ తనే కుంచె పట్టుకున్నారు. కిరీటం, జుట్టు, గడ్డం అన్నీ కలిసిపోయి మొహం చుట్టూ బొచ్చులా తయారైంది. నోరు ఉండాల్సిన చోట మరక మిగిలింది. ఆ బొమ్మకు లాటిన్‌లో 'ఎక్కె హోమో' అని పేరు, అంటే ఇదిగో ఈ మనిషి. జనం దాన్ని 'ఎక్కె మోనో' చేసేశారు, అంటే ఇదిగో కోతి! ఇంగ్లిష్ పత్రికలు 'బాచ్డ్ రెస్టొరేషన్' అని రాశాయి. మనకైతే శీర్షిక రెడీగానే ఉంది: వినాయకుణ్ని చేయబోతే కోతి అయింది. తర్వాత ఆ కోతిని చూడ్డానికే జనం ఎగబడితే చర్చివాళ్లు టికెట్ కూడా పెట్టారు.

బంగిల్‌లో చెడేది మొత్తం వ్యవహారం. దొంగతనాలకు, దర్యాప్తులకు ఎక్కువగా వాడతారు. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో దొరికిపోయిన వాళ్లది అచ్చంగా 'బంగిల్డ్ బర్గ్లరీ'. తలుపు లాక్ పడకుండా టేప్ అంటించారు. సెక్యూరిటీ గార్డు ఫ్రాంక్ విల్స్ అది చూసి పీకేశాడు. వాళ్లు మళ్లీ అంటించారు! రెండోసారి అదే టేప్ కనిపించేసరికి ఆయన పోలీసులకు ఫోన్ చేశాడు. అధికారుల విషయంలో బంగిల్‌కు మన పత్రికల 'నిర్వాకం' చక్కగా సరిపోతుంది.

బ్లండర్‌ను మనం మరీ చవక చేసేశాం. ఉప్పు ఎక్కువైనా బ్లండరే అంటాం. నిజానికి అజాగ్రత్త వల్లో, తెలివితక్కువగానో చేసిన పెద్ద తప్పు అది. చెస్ ఆటల విశ్లేషణలో మామూలు తప్పు ఎత్తు పక్కన ఒక ప్రశ్నార్థకం పెడతారు, బ్లండర్‌కు రెండు పెడతారు. నోరు జారితే గాఫ్, బంతి చేతికొచ్చి జారితే ఫంబుల్. గూఫప్ మన ఇంగ్లిష్ పత్రికలకు మహా ఇష్టం, కానీ ఆఫీసు ఉత్తరంలో తేలిగ్గా తీసుకున్నట్టు ఉంటుంది. స్నాఫూ అమెరికా సైనికుల పొడిమాట, విప్పి చదివితే అందులో ఒక బూతు ఉంది. పత్రికలు మాత్రం ఏమీ ఎరగనట్టు కంప్యూటర్ మొరాయించినా అదే వాడతాయి.

ఆఫీసు మెయిల్‌లో అయితే 'ఓవర్‌సైట్' వాడండి. చూసుకోలేదు అన్న అర్థం వస్తుంది, మరీ తలదించుకున్నట్టూ ఉండదు. ఒక్క సంగతి, ఆ మాటకు పర్యవేక్షణ అని కూడా అర్థం ఉంది. కాబట్టి 'మేనేజర్ ఓవర్‌సైట్' అని ఊరికే రాయకండి, ఆయన పర్యవేక్షించారంటున్నారో, ఆయనే చూసుకోలేదంటున్నారో తేలదు. 'డ్యూ టు యాన్ ఓవర్‌సైట్ ఆన్ మై పార్ట్' అని రాస్తే ఏ గొడవా లేదు.