బరువు ఎక్కువున్న పిల్లలకు రోజూ తలనొప్పి వస్తుంటే కంటి నరం చూపించండి

"మా అమ్మాయికి పదమూడేళ్లు, ఒళ్లు చేసింది. రోజూ తలనొప్పి అంటోంది. కళ్లజోడు మార్చినా తగ్గలేదు. బరువుకూ దీనికీ సంబంధం ఉంటుందా?" అని అడిగారు కదండీ. ఉండొచ్చు. కంటి డాక్టర్ దగ్గర చుక్కలు వేయించి కంటి నరం చూడమని అడగండి. అద్దాల షాపులో పవర్ చూసేటప్పుడు ఇది చూడరు.

మాది కర్నూలు. మా పాపకు పద్నాలుగేళ్లప్పుడు ఇలాగే మొదలైంది. పడుకుంటే నొప్పి ఎక్కువై లేచి కూర్చునేది. వంగి లేస్తే కాసేపు చూపు మసకబారేది. గుండె చప్పుడు చెవిలో వినిపిస్తోందమ్మా అనేది. ఎండ వల్లనీ, పరీక్షల టెన్షన్ అనీ చుట్టాలు తలా ఒకటి చెప్పారు. కంటి డాక్టర్ మాత్రం రెండు కళ్లలోనూ నరం ఉబ్బిందని చూసి వెంటనే న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు. ఎమ్మారైలో గడ్డ లేదు, మెదడు సిరల్లో అడ్డూ లేదు. తర్వాత మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటి ఒత్తిడిని నడుము దగ్గర సూదితో కొలిస్తే బాగా ఎక్కువుంది. దీన్ని ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్ అంటారు. తల లోపలి నీటి ఒత్తిడి పెరగడం, అంతే. బీపీ వేరు. వదిలేస్తే చూపు శాశ్వతంగా పోవచ్చు.

బాగా చిన్నపిల్లల్లో బరువుతో దీనికి పెద్దగా లంకె కనిపించదు. ఈడొచ్చాక, ముఖ్యంగా బరువున్న ఆడపిల్లల్లో ఎక్కువ. మొటిమలకు డాక్సీసైక్లిన్ లాంటివి గానీ, విటమిన్ ఎ మోతాదు మించి గానీ వాడుతుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి, వాటితోనూ వస్తుంది.

మా పాపకు ఆ నీటి ఒత్తిడి తగ్గించే మందు అసిటజోలమైడ్ ఇచ్చారు. వేళ్లు తిమ్మిరెక్కేవి, భయపడొద్దన్నారు. బరువు తగ్గించడమూ వైద్యంలో భాగమేనన్నారు, కానీ పస్తులు వద్దన్నారు. అందుకని ఇంట్లో అందరి తిండీ మార్చాం. సాయంత్రం మిరపకాయ బజ్జీలు, కూల్‌డ్రింకులు తగ్గించాం. రాత్రికి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. పొద్దున నడకకు నేనూ తోడు వెళ్లేదాన్ని. కొన్ని నెలలకు నరం వాపు తగ్గింది, చూపు నిలిచింది.

ఒకటి మాత్రం బతిమాలుతున్నాను. "లావయ్యావు కాబట్టే వచ్చింది" అని బిడ్డ ముందు ఎవర్నీ అననివ్వకండి. ఆ మాట విన్నరోజు మా పాప అన్నం ముట్టలేదు.

మీరు ఆదోని అన్నారు. కర్నూలు పెద్దాసుపత్రిలో న్యూరాలజీ ఉంది. చూపు ఉన్నట్టుండి తగ్గినా, ఒకటి రెండుగా కనిపించినా, వాంతులవుతున్నా ఓపీ రోజు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.