పెళ్లికి ముందు రాసుకునే ఒప్పందం చెల్లుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మాఘమాసంలో నా పెళ్లి. వరుడిది శ్రీకాకుళం జిల్లా. మా నాన్నగారు ఇక్కడి ఇంటి స్థలాన్ని పసుపు కుంకుమ కింద నాకు ఇస్తానంటున్నారు. ఆ స్థలం జోలికి తాము రామనీ, రేపు విడిపోవలసి వస్తే నేను భరణం అడగకూడదనీ స్టాంపు కాగితం మీద రాసుకుందామని మగపెళ్లివారు అంటున్నారు. సంతకం పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: పెట్టవద్దు, అమ్మా. ఆ కాగితంలో మీకు దక్కుతున్నది ఏమీ లేదు. మీది కాబోయే స్థలాన్నే మీకు వదిలిపెడుతున్నట్లు చెప్పి, చట్టం మీకిచ్చిన హక్కును వదులుకోమంటున్నారు.

హిందూ వివాహాల విషయంలో ఇటువంటి ముందస్తు ఒప్పందాలను గుర్తించే ప్రత్యేక చట్టం లేదు. ప్రజా విధానానికి, అంటే సమాజ హితానికి, విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. భర్త ఎల్లకాలం అత్తవారింటనే ఉండాలంటూ పెళ్లికి ముందు రాసుకున్న షరతును కలకత్తా హైకోర్టు 1901లోనే తోసిపుచ్చింది. భరణం అడగనని ముందే రాసి ఇచ్చినా, అవసరం వచ్చిన నాడు భార్య కోర్టుకు వెళ్లకుండా ఆ రాత అడ్డుకోలేదు. గోవాలో మాత్రం పోర్చుగీసు కాలపు పౌరస్మృతి వల్ల వివాహపూర్వ ఒప్పందాలకు బలం ఉంది. మీకు అది వర్తించదు. మీరు సరిహద్దు దాటి కాపురానికి వెళ్లినా హిందూ వివాహ చట్టం రెండు రాష్ట్రాలలోనూ ఒక్కటే.

మీరు నిజంగా శ్రద్ధ పెట్టవలసింది స్థలం మీద. పసుపు కుంకుమ కింద ఇచ్చామని పెద్దమనుషుల ఎదుట నోటిమాటగా అని ఊరుకునే కుటుంబాలు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి, తరువాత అన్నదమ్ములతో తగవులు పడి బాధపడేది ఆడపిల్లలే. స్థిరాస్తి దానానికి ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరైన దానపత్రం తప్పనిసరి. స్థలం ఉన్న ప్రాంతపు సబ్ రిజిస్ట్రారు దగ్గరే, అంటే ఒడిశాలోనే అది జరగాలి. దస్తావేజు ఒడియాలో ఉంటే ప్రతి వాక్యమూ తెలుగులో చెప్పించుకోండి. ముఖ్యంగా, మీరు జీవితాంతం అనుభవించి ఆ తరువాత ఫలానావారికి చెందాలన్న మాట అందులో చేరనివ్వకండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్త్రీకి సంపూర్ణ హక్కు ఇస్తున్నప్పటికీ, దానపత్రమే హక్కును పరిమితం చేస్తే ఆ పరిమితి నిలిచే ప్రమాదం ఉంది. షరతులు లేని దానపత్రం ఉంటే, జోలికి రామన్న అవతలివారి హామీతో మీకు పనే లేదు.

ఒకవేళ ఈ స్థలం ఇస్తేనే పెళ్లి అని వారే అడిగి ఉంటే, దాని పేరు పసుపు కుంకుమ కాదు, కట్నం. 1961 నాటి చట్టం ప్రకారం అది నేరం. నగలకు, సామానుకు మాత్రం 1985 నాటి నిబంధనల ప్రకారం జాబితా రాసి, ఇచ్చినవారి పేరు, సుమారు విలువ చేర్చి, వధూవరులిద్దరూ సంతకాలు చేయండి.

అప్పులు, జీతాలు, మీ తల్లిదండ్రులకు మీరు పంపదలచిన డబ్బు గురించి అబ్బాయితో ఇప్పుడే నేరుగా మాట్లాడండి. అయినా కాగితం కావాలని పట్టుబడితే, దాని నకలు తీసుకుని మీ ఊళ్లోనే ఉన్న గజపతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు అక్కడ ఉచిత న్యాయసహాయం అందుతుంది.