తమ్ముడి లారీలు, ఆడిటర్ దగ్గర టోకెన్

ప్రశ్న: చిత్తూరు దగ్గర మాకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, నేను డైరెక్టర్‌ని. ఏడాదంతా 18 మంది, తోతాపురి సీజన్‌లో 60 మంది పనిచేస్తారు, ఎక్కువ మంది ఆడవాళ్లే. కాయలు తోలేది మా తమ్ముడి లారీలు. లెక్కలన్నీ ఆడిటరే చూస్తారు. నేను చూసుకోవాల్సింది ఏముంది?

జవాబు: ముందు మీ డిజిటల్ సంతకం టోకెన్ (ఆన్‌లైన్ ఫారాల మీద మీ సంతకం పెట్టే యూఎస్‌బీ పరికరం) ఆడిటర్ ఆఫీసు డ్రాయర్‌లో ఉంటే తెచ్చేసుకోండి. ఫారం ఎవరు నింపినా సంతకం మీదే, బాధ్యతా మీదే.

తమ్ముడి లారీలు వాడటం తప్పు కాదు, దాచడం తప్పు. కంపెనీల చట్టం ప్రకారం సోదరుడు 'బంధువు'. ఏటా ఆర్థిక సంవత్సరపు మొదటి బోర్డు మీటింగ్‌లో మీకు వాటా, పదవి లాంటి ప్రయోజనం ఉన్న సంస్థలను ఎంబీపీ-1 ఫారంలో చెప్పాలి. బాడుగ బయటి రేటుకు మించకపోతే చిక్కు లేదు, కానీ రుజువుండాలి. సీజన్ మొదట్లోనే బంగారుపాళ్యం నుంచి మీ గేటు దాకా టన్నుకెంతో మరో ఇద్దరు ట్రాన్స్‌పోర్టర్ల దగ్గర తేదీతో సహా రాయించుకుని ఫైల్లో పెట్టండి. ఏడాది చివర్లో తయారుచేసిన కొటేషన్లు ఇట్టే దొరికిపోతాయి.

సీజన్ కూలీలను లెక్కలోంచి తీసేయడం మామూలు పొరపాటు. 20 మందికి చేరితే పీఎఫ్ వర్తిస్తుంది, తర్వాత తగ్గినా ఆగదు. డబ్బు మరుసటి నెల 15లోగా కట్టాలి. 10 మంది ఉంటే చాలు, లైంగిక వేధింపుల ఫిర్యాదుల అంతర్గత కమిటీ తప్పనిసరి: అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి వ్యక్తి ఒకరు. లేకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా.

ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) అయిన 30 రోజుల్లో ఏడాది లెక్కల ఫారం ఏఓసీ-4, 60 రోజుల్లో వార్షిక రిటర్న్ వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు.