అంటార్కిటికా సముద్రంలో చేపల వేటను నిజంగా ఎవరైనా చూస్తారా, అంతా కాగితాల మీదేనా?

ప్రశ్న అడిగినవారు కింద ఇంకో మాట చేర్చారు: "అంత దూరం ఎవడెళ్ళి చూసొచ్చాడు, ఓడవాళ్ళు ఎంత రాస్తే అంత." ఆర్కిటిక్‌లో కూడా ఇంతేనా అని కూడా అడిగారు. మొదటి మాట చదివాక ఊరుకోలేకపోయాను. వెళ్ళి చూసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ముత్తుకూరులో ఫిషరీస్ డిగ్రీ చేసి, పైచదువుకి న్యూజిలాండ్ వెళ్ళి, అక్కడి పౌరసత్వం వచ్చాక అంటార్కిటికాను ఆనుకుని ఉన్న రాస్ సముద్రంలో టూత్‌ఫిష్ అనే పెద్ద చేపను పట్టే లాంగ్‌లైనర్ల (పొడవాటి తాడుకు వరసగా గాలాలు కట్టి వేటాడే ఓడల) మీద సైంటిఫిక్ అబ్జర్వర్‌గా, అంటే వేటను గమనించి లెక్కలు రాసే మనిషిగా, పనిచేశాను. "చేపలు లెక్కపెట్టడానికి అంత చదువెందుకురా" అని మా పెదనాన్న ఇప్పటికీ అంటుంటాడు. ఆ వేటకు వెళ్ళే ప్రతి ఓడలోనూ ఇద్దరు అబ్జర్వర్లు ఉండి తీరాలి, అందులో ఒకరు వేరే దేశం మనిషి. ఓడ ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా గంటగంటకీ తెలుస్తుంటుంది. ఏ రోజు పట్టిన లెక్క ఆ రోజే పంపాలి. ఆ లెక్కలన్నీ చేరేది ఆస్ట్రేలియాలో టాస్మేనియా దీవిలోని హోబర్ట్‌లో ఉన్న క్యామ్లార్ (అంటార్కిటికా సముద్ర జీవుల సంరక్షణకు దేశాలు కలిసి పెట్టుకున్న కమిషన్) ఆఫీసుకు. 1982 నుంచి అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రం బాధ్యత దానిదే. రాస్ సముద్రం మొత్తానికీ ఏడాదికి మూడు వేల టన్నుల పైచిలుకు కోటా. డిసెంబరు 1న మొదలు, ఎవరు ముందు పడితే వాళ్ళది. కోటా నిండబోతోందని తేలగానే, ఫలానా గంటకల్లా గాలాలు పైకి లాగేయండని అన్ని ఓడలకూ కబురొస్తుంది.

ఇదంతా ఎక్కడైనా దొరికే సమాచారమే. నేను చెప్పాలనుకున్నది ఒక చేప గురించి.

పట్టిన ప్రతి టన్నుకు ఒక చేప చొప్పున ట్యాగులు (నంబరున్న గుర్తులు) వేసి ప్రాణంతో వదిలేయాలని అక్కడ నిబంధన. తర్వాతి ఏళ్ళలో ఆ ట్యాగులు ఎన్ని తిరిగి దొరుకుతాయన్నదాన్ని బట్టే అడుగున ఎంత చేప ఉందో అంచనా వేస్తారు. కోటా పుట్టేది అక్కడే. ఈ చేపతో ఇది సాధ్యం, ఎందుకంటే దానికి గాలి తిత్తి (చేపను నీళ్ళలో తేల్చే సంచి) లేదు. వెయ్యి మీటర్ల లోతు నుంచి లాగినా కడుపు ఉబ్బి చావదు. చిక్కంతా మనుషులతోనే. చిన్న చేపకు ట్యాగ్ వేయడం తేలిక, పెద్దదాన్ని ఎత్తాలంటే ఇద్దరు కావాలి, పైగా దాని ఖరీదు అలాంటిది. అమెరికా హోటళ్ళలో చిలీ సీ బాస్ అని అమ్మేది ఈ జాతినే. అందుకని ఓడలు చిన్నవాటినే ఎంచి ట్యాగులు వేసేవి. అలా చేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. దాంతో క్యామ్లార్ ఇంకో నిబంధన పెట్టింది: ట్యాగ్ వేసిన చేపల సైజులకూ పట్టిన చేపల సైజులకూ కనీసం 60 శాతం పొంతన ఉండాలి.

జనవరిలో ఒకరోజు, గడియారం రాత్రి రెండు చూపిస్తోంది, బయట మాత్రం ఎండ. తాడు పైకొస్తోంది. మా ఓడ లెక్కలో చిన్నవి ఎక్కువై పెద్దవి వెనకబడ్డాయి. సరిగ్గా అప్పుడే నిలువెత్తు చేప ఒకటి వచ్చింది, పెదవికి ఒక్కటే గాలం, ఒంటిమీద గాయం లేదు. "ఇది ట్యాగుకు" అన్నాను. ఓడలోనే చేపలు కోసి ప్యాక్ చేయించే ఫ్యాక్టరీ మేనేజర్ కత్తి పట్టుకునే వచ్చాడు. "దీన్ని వదిలేస్తే మావాళ్ళ వాటా నువ్విస్తావా?" అన్నాడు. ఆ ఓడల మీద జీతంకన్నా వాటా ముఖ్యం, అతని బాధ నాకు తెలుసు. పొంతన తగ్గితే జవాబు చెప్పుకోవాల్సింది మీ ఓడే అన్నాను. అరిచాడు. నేనూ అరిచాను. ఈలోగా బోసన్ (డెక్ పనివాళ్ళ పెద్ద) ఏమీ మాట్లాడకుండా చేపను కాన్వాస్ ఉయ్యాల్లోకి ఎక్కించేశాడు. పొడవు కొలిచి, వీపు రెక్క కింద అటొకటి ఇటొకటి రెండు ట్యాగులు గుచ్చి, దగ్గర్లో కిల్లర్ వేల్స్ లేవని చూసుకుని వదిలాం. క్షణం సేపు వెల్లకిలా తేలింది. నా గుండె ఆగినంత పనైంది, చచ్చిన చేపకు ట్యాగ్ వేస్తే మొత్తం గొడవ దండగ. తోక ఒక్కసారి కొట్టి కిందికి పోయింది.

ఆ వారంలోనే వేరే ఓడ ఎప్పుడో వేసిన ట్యాగుతో ఒక చేప దొరికింది. మొదట పరిగెత్తుకొచ్చింది ఆ మేనేజరే. నంబరు తనే చదివాడు, ఎక్కడ వేశారు, ఎంత పెరిగింది అని నన్ను విసిగించాడు. చేప తలలో ఉండే చెవిరాయి తీసే పనిలో చేయి కూడా వేశాడు (దాన్ని కోసి గీతలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది, ఈ చేపలు 50 ఏళ్ళ దాకా బతుకుతాయి).

60 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక తలలు, పేగులు సముద్రంలో పారేయకూడదు. ఆ కంపు ఓడలోనే భరించాలి. పక్షులు గాలాలకు చిక్కకుండా తాడు సెకనుకు 0.3 మీటర్ల వేగంతోనైనా మునగాలి. దాన్ని కొలవడానికి తాడుకు ప్లాస్టిక్ సీసా కట్టి, అది మునిగేదాకా గడియారం పట్టుకు నిలబడేది మేమే. యూట్యూబ్‌లో "అంటార్కిటికాలో దోపిడీ" అని ఎర్రక్షరాలతో వీడియోలు చేసేవాళ్ళకు ఈ సీసా సంగతి తెలియదు.

దొంగ ఓడలు లేవా అంటే ఉన్నాయి. 'థండర్' అనే ఓడను 2014 డిసెంబరు నుంచి సీ షెపర్డ్ అనే సముద్ర సంరక్షణ సంస్థవాళ్ళు 110 రోజులు వెంటాడారు. చివరికి అది ఆఫ్రికా పడమటి వైపు ఉన్న సావో తోమే దగ్గర మునిగింది, సిబ్బందిని కాపాడింది వెంటాడినవాళ్ళే. కానీ నా గట్టి అభిప్రాయం వినండి: అసలు కన్నం డెక్ మీద లేదు, హోబర్ట్ మీటింగ్ హాల్లో ఉంది.

క్యామ్లార్‌లో 26 దేశాలు, యూరోపియన్ యూనియన్ కలిసి 27 మంది సభ్యులు. మన దేశమూ 1980ల నుంచి ఉంది. ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలి. అపార్ట్‌మెంట్ మీటింగులో గ్రౌండ్ ఫ్లోర్ ఆయన లిఫ్టు రిపేరు వద్దంటే ఏమవుతుందో అదే అక్కడ జరుగుతుంది. 2020 జనవరిలో 'పామర్' అనే రష్యా ఓడ వేట మూసేసిన ప్రాంతంలో కనిపించిందని న్యూజిలాండ్ విమానం ఫొటోలు తెచ్చింది. ఉపగ్రహ రికార్డు మాత్రం ఓడ దాదాపు 800 నాటికల్ మైళ్ళ అవతల ఉందంది. రష్యా ఆ ఆరోపణ ఒప్పుకోలేదు. బ్లాక్‌లిస్టులో పెట్టాలంటే అందరూ ఒప్పుకోవాలి, ఆ అందరిలో రష్యా కూడా ఉంది. కథ అంతటితో సరి. నేను చేప పొడవు ఒక సెంటీమీటరు తప్పు రాస్తే ప్రశ్నలొచ్చేవి!

క్రిల్ (రొయ్యలాంటి చిన్న సముద్ర జీవి) విషయం ఇంకా అన్యాయం. దక్షిణ అట్లాంటిక్ వైపు ఏడాదికి 6,20,000 టన్నుల పరిమితి ఉంది. 2019 సర్వేలో అక్కడ క్రిల్ 6 కోట్ల టన్నుల పైనే అని తేలింది కాబట్టి, వినడానికి ఇది ఒక శాతమే. అయితే ఓడలన్నీ పెంగ్విన్లు, తిమింగలాలు తినే చోటికే పోతాయి. అందుకే ఆ పరిమితిని ప్రాంతాలవారీగా పంచారు, అంటార్కిటిక్ పెనిన్సులా వైపు 1,55,000 టన్నులు మించకూడదని. 2024 హోబర్ట్ మీటింగులో ఏకాభిప్రాయం కుదరక ఆ పంపకం గడువు తీరిపోయింది. మరుసటి ఏడాదే, 2025 ఆగస్టులో, మొత్తం 6,20,000 చరిత్రలో మొదటిసారి నిండి, సీజన్ మధ్యలోనే వేట ఆపేశారు. ఇదంతా సైన్స్ లేక జరిగింది కాదు. సర్వే ఉంది, పెంగ్విన్ల మీద దశాబ్దాల రికార్డులున్నాయి. చదవడం తెలిసినవాళ్ళే సంతకం పెట్టలేదు.

ఆ క్రిల్ ఎక్కడికి పోతుందంటారా? ఎక్కువ భాగం చేపల, రొయ్యల మేతలోకి. భీమవరంలో మా బావ చెరువుకు కొనే మేత బస్తా మీద ఏముందో ఈసారి చదవమన్నాను. "రొయ్య ఎగబడి తింటోంది, నాకు చాలు" అన్నాడు. మా పిన్ని మోకాళ్ళకు క్రిల్ ఆయిల్ క్యాప్సూల్స్ మింగుతోంది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

ఆర్కిటిక్ సంగతి ఒక్క ముక్కలో: నడి ఆర్కిటిక్‌లో మంచు కరిగి నీళ్ళు తేలుతున్నాయి, ఇంకా వేట మొదలవలేదు. మొదలవకముందే 2018లో గ్రీన్‌లాండ్‌లోని ఇలులిస్సాట్‌లో తొమ్మిది దేశాలు, యూరోపియన్ యూనియన్ కూర్చుని, ముందు పరిశోధన, తర్వాతే వల అని ఒప్పందం రాసుకున్నాయి. 28 లక్షల చదరపు కిలోమీటర్లు, 2021 నుంచి 16 ఏళ్ళు. నాకు తెలిసినంతలో చేపల చరిత్రలో ఇంత తెలివైన పని ఇంకొకటి లేదు. గడువు తీరాక ఐదేసి ఏళ్ళు దానంతటదే పొడిగించుకుంటూ పోతుంది. అదీ ఏ ఒక్క సభ్యుడూ వద్దనకపోతేనే.