ఉత్తరం చదివే ముందు, అప్పట్లో దాన్ని ఎవరు చదివి వినిపించారో అడగండి

మీ ప్రశ్న: "అమెరికా అంతర్యుద్ధం మీద చాలా చదివాను. తేదీలు, సేనానుల పేర్లు తప్ప ఏదీ మనసుకు పట్టలేదు. అప్పటి ఉత్తరాలు, డైరీలు, పత్రికలు చదవమంటున్నారు. వాటిని ఎంతవరకు నమ్మొచ్చు? ఎక్కడ మొదలుపెట్టాలి?"

మాది పరకాల దగ్గర పల్లెటూరు. కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ చేసి, ఇప్పుడు హన్మకొండలో ఇంటర్ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. అమెరికా సంగతికి ముందు మా ఇంటి రేకు సందుగలో దొరికిన ఒక చీటీ గురించి చెప్పాలి. పాత ఉత్తరం ఎలా చదవాలో నాకు నేర్పింది అదే.

2003లో, నేను ఎం.ఏ.లో ఉన్నప్పుడు దొరికింది. అరచేతిలో సగం ఉంటుంది. పదహారు మడతలు. మడత పడిన చోటల్లా కాగితం గుడ్డలా మెత్తబడింది. ఒక మూల పసుపు మరక. పెన్సిల్‌తో రాసిన అయిదే వాక్యాలు: "మేం క్షేమం. ఎడ్లను అమ్మొద్దు. తొలకరి పడితే పై చెలకల జొన్న పెట్టుండ్రి. తమ్మునికి జెరం తగ్గిందా. నన్నెవరన్న అడిగితే చుట్టాలింటికి పోయిండని చెప్పు." రాసింది మా తాత. రాసినచోటు గోదావరి అవతల, సిరొంచ వైపు. అప్పటికి అది చాందా జిల్లా, అంటే నిజాం రాజ్యం కాదు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎత్తడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. ఇప్పుడక్కడ అమరధామం ఉంది. ఆ జనంలో మా తాత కూడా ఉన్నాడు. తన పేరు పోలీసుల నోట పడిందని తెలిసి నది దాటాడు. ఈ చీటీ టపాలో రాలేదు. ఎవరో తలపాగా మడతలో పెట్టుకొని తెచ్చిచ్చారు.

నాకు మొదట నిరాశే కలిగింది. ప్రాణం అరచేతిలో పెట్టుకొని పోయిన మనిషి ఎడ్ల గురించి, జొన్న గురించి రాస్తాడా? భయం లేదు, ప్రేమ లేదు, రజాకార్ల మాటే లేదు. అదే నానమ్మని అడిగాను. ఆమెకు చదువు రాదు. ఆ రోజు గుడి అయ్యగారు వాకిట్లో కూర్చొని చదివి వినిపించాడట. "గవి మీ తాత నాకు చెప్పాల్నుకున్న మాటలు గావు బిడ్డా, అయ్యగారు నల్గురు వినంగ సదివే మాటలు" అంది. కాసేపాగి, "ఎడ్లను అమ్మొద్దన్నడంటే మళ్లొస్తనని" అంది.

ఆ తర్వాత అమెరికా సైనికుల ఉత్తరాలు నాకు వేరేగా కనిపించాయి. 1861 నుంచి 1865 దాకా జరిగిన ఆ యుద్ధంలో రెండు వైపులా సైనికుల ఉత్తరాలకు సెన్సార్ లేదనే చెప్పాలి. ఎక్కడున్నారో, ఏం తిన్నారో, పై అధికారి ఎంత చేతకానివాడో అన్నీ రాసేవారు. అందుకే చరిత్రకారులకు అవంటే అంత ఇష్టం. కానీ సెన్సార్ లేనంత మాత్రాన మనసు విప్పి రాశారని కాదు. ఆ ఉత్తరాలను ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగుకూ బయటికి చదివి వినిపించేవారు. కొన్నింటిని ఊరి పత్రికలో అచ్చు కూడా వేసేవారు. అమ్మ ముందు, పత్రిక చదివే ఊరందరి ముందు ఎవరు "నాకు భయమేస్తోంది" అని రాస్తారు? కాబట్టి ఉత్తరం చేతిలోకి తీసుకోగానే, ఇది ఎవరి చెవిన పడుతుందని రాసినవాడు అనుకున్నాడో చూడండి. వంట, వాతావరణం, ఎడ్లు అని దాటేసే వాక్యాలే రెండోసారి చదవండి.

అసలు రాయలేని వాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 1860 నాటికి అక్కడ దాదాపు 40 లక్షల మంది బానిసలు. చాలా దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్లకు చదువు చెప్పడమే నేరం. అందుకే వాళ్ల గొంతు వినిపించే ఉత్తరం ఒక్కటి దొరికినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. మిస్సోరీలో బానిసగా బతికి, తప్పించుకొని ఉత్తరాది వాళ్ల యూనియన్ సైన్యంలో చేరిన స్పాట్స్‌వుడ్ రైస్ 1864 సెప్టెంబరులో రెండు ఉత్తరాలు పంపాడు. ఒకటి ఇంకా బానిసత్వంలోనే ఉన్న తన కూతుళ్లకు, వచ్చి తీసుకుపోతానని. రెండోది ఒక కూతుర్ని తన దగ్గరే ఉంచుకున్న యజమానురాలికి. మొదటిదాంట్లో తండ్రి మెత్తదనం, రెండోదాంట్లో కోపం. రెండూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఆ యుద్ధం ఎందుకు జరిగిందో నాకు ఏ పాఠ్యపుస్తకమూ అంత సూటిగా చెప్పలేదు.

డైరీల విషయంలో నేను మోసపోయాను. దక్షిణ కరోలినాలో పెద్దింటి ఇల్లాలు మేరీ చెస్నట్ డైరీ చాలా పేరున్నది. ఆ రోజు రాత్రే కూర్చొని రాసినట్టుంటుంది. నేను నా సెమినార్ పేపరంతా దాని మీదే నిలబెట్టాను. తీరా చూస్తే, మనం చదివేదాన్ని ఆమె యుద్ధం అయిపోయిన చాలా ఏళ్లకు, 1880లలో, పాత నోట్సు దగ్గర పెట్టుకొని తిరగరాసిందట. అది అబద్ధమని నేననను. ఓడిపోయిన వర్గం తన గతాన్ని ఎలా చూసుకుందో తెలియాలంటే అంతకు మించింది లేదు. కానీ ఫలానా రోజు ఏం అనిపించిందో తెలియాలంటే, ఫిలడెల్ఫియాలో ఎమిలీ డేవిస్ అనే స్వేచ్ఛా నల్లజాతి యువతి 1863 నుంచి 1865 వరకు రాసుకున్న జేబు డైరీలు మేలు. రోజుకు కొద్ది మాటలే. ఎండా వానా, చర్చి, కుట్టుపని, మధ్యలో యుద్ధం.

పత్రికలకు వస్తే, ముందు కాగితాన్నే చూడండి. 1863లో దక్షిణాది వాళ్ల చేతిలోని విక్స్‌బర్గ్ పట్టణం 47 రోజుల ముట్టడిలో ఉన్నప్పుడు న్యూస్‌ప్రింట్ అయిపోయి, అక్కడి డైలీ సిటిజన్ పత్రికను గోడలకు అతికించే పూల కాగితం వెనక అచ్చు వేశారు. జూలై 2 సంచికలో ఎడిటర్ యూనియన్ సేనాని గ్రాంట్‌ను ఎగతాళి చేశాడు. 4న ఊరు లొంగిపోయింది. పేర్చి ఉన్న అచ్చు అలాగే దొరికితే, గెలిచిన సైనికులు కింద తమ మాటగా కొన్ని వాక్యాలు చేర్చి మళ్లీ అచ్చు వేశారు. ఒకే పేజీలో రెండు పక్షాలు! దానికి తర్వాత లెక్కలేనన్ని నకళ్లు వచ్చాయి. ఎక్కడైనా బొమ్మ కనిపిస్తే అసలుదే అనుకోకండి.

మా తాత చీటీ కూడా అలాంటి కాగితం మీదిదే. వెనకవైపు ఉర్దూ. నాకు రాదు. నిజాం రాజ్యంలో సర్కారు కాగితాలన్నీ ఉర్దూలోనే కదా, వరంగల్ మండి బజార్‌లో ఒక ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను. భూమి శిస్తు రసీదు, 1357 ఫసలీ అని చదివాడు. ఫసలీ అంటే నిజాం కాలపు శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి, రసీదు 1947 అక్టోబరుకు ముందుది కాదు. చీటీలో తొలకరి ఇంకా పడలేదు. అంటే 1948 ఎండాకాలం. ఆయన రసీదు తిరిగిస్తూ, "మా ఇంట్లోనూ ఉత్తరాలుండె బేటీ. మిలిట్రీ వచ్చినప్పుడు భయపడి మా అమ్మ పొయ్యిల పెట్టింది" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పోలీసు యాక్షన్ తర్వాత ముస్లింల మీద జరిగిన దాడులపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక కూడా దశాబ్దాలపాటు బయటికి రాలేదు. అంతకుముందు, 1948 ఆగస్టులో, రజాకార్లను ఎదిరించి రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్‌లో చంపేశారు. పాత పత్రికలో ఒక వార్త లేదంటే ఆ సంగతి జరగలేదని కాదు. రాసేవాణ్ణి ఏం చేశారో కూడా చూడాలి.

మీ దగ్గర ఇలాంటి కాగితాలుంటే ఒక్క మాట. లామినేషన్ చేయించకండి. నేను చేయించాను. ఆ వేడికి పసుపు మరక నల్లబడింది, పెన్సిల్ గీతలు కొన్ని చెదిరిపోయాయి. ముందు రెండు వైపులా ఫొటో తీసి, మడతలు బలవంతంగా విప్పకుండా ఆమ్లం లేని (యాసిడ్-ఫ్రీ) తెల్ల కాగితాల మధ్య పెట్టండి.

మొదలుపెట్టడానికి రెండు కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, పట్టుకోండి. వర్జీనియా యూనివర్సిటీలో మొదలైన ఒక ప్రాజెక్టు దక్షిణాన ఆగస్టా కౌంటీ, ఉత్తరాన ఫ్రాంక్లిన్ కౌంటీ ఉత్తరాలు, డైరీలు, పత్రికలు కలిపి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఫ్రాంక్లిన్‌లోని చేంబర్స్‌బర్గ్‌ను 1864 జూలై 30న దక్షిణాది దళాలు తగలబెట్టాయి. అంతకుముందూ, ఆ తర్వాతా వచ్చిన రెండు వైపుల పత్రికలూ తెరవండి. వార్తలతో పాటు ప్రకటనలు కూడా చదవండి.

తర్వాత మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, కానీ తేదీ అడగకండి. 1948 సెప్టెంబరు 17న ఏం చేస్తున్నావని నేను నానమ్మని అడిగితే, ఆ రోజేదో తనకు తెలియదంది. "పెత్రామాస నాడు పూలు తెంపుకొస్తున్న. ఎడ్ల కొట్టంల మనిషి కనవడ్డడు" అంది. పంచాంగం చూశాను. ఆ ఏడు పెత్రామాస అక్టోబరు మొదట్లో వచ్చింది.