పెస్టో కోసం బేసిల్: కిరాణా సబ్జా గింజలు వద్దు

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్. పెస్టో (ఇటలీ పచ్చడి) కోసం బేసిల్ ఆకు పెంచుదామని ఆగస్టులో కిరాణా కొట్టు సబ్జా గింజలు కుండీల్లో చల్లాను. జానెడు ఎత్తు రాగానే పూత పట్టింది. ఆకులు చిన్నవి, సోంపు వాసన. ఇప్పుడు పసుపు మచ్చలు వస్తున్నాయి. యూరియా వేయాలా? ఉన్న ఆకుతో పెస్టో చేస్తే నల్లబడింది, చేదు కూడా. ఏం చేయాలి? – ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: యూరియా జోలికి ఇప్పుడే వెళ్లకండమ్మా. మచ్చలున్న ఆకును తిప్పి చూడండి. పైన ఈనెల మధ్య పసుపు, అడుగున బూడిద, ఊదా కలిసిన బూజు ఉంటే అది బూజు తెగులు. వానాకాలపు తేమలో, గాలాడని బాల్కనీలో త్వరగా పాకుతుంది. ఆ మొక్కలను పీకి కవర్లో కట్టి పారేయండి, కంపోస్టులో వేయవద్దు. పచ్చిగా తినే ఆకు కదా, ఇంట్లో మందులు కొట్టమని నేను చెప్పను. బూజు లేకుండా కింది ఆకులు మాత్రమే పండుతుంటే నీరు నిలుస్తోందేమో చూడండి. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోవడం మామూలే. అదీ కాకపోతే పోషకాల లోపం, గుప్పెడు వర్మీకంపోస్టు చాలు.

అసలు తేడా విత్తనంలోనే వచ్చింది. సబ్జా, ఇటలీ బేసిల్ ఒకే జాతి, రకాలు వేరు. సబ్జాను గింజ కోసం పెంచుతారు కాబట్టి త్వరగా పూతకు రావడం దాని గుణం. సోంపు వాసనకు కారణం ఆకులోని మిథైల్ చావికాల్ అనే సుగంధ పదార్థం. తులసి వేసి సరిపెడదామన్నా కుదరదు, దానిలోని యూజినాల్ అనే పదార్థంతో పెస్టో లవంగం ఘాటు కొడుతుంది. విత్తనాల షాపులో ‘జెనోవీస్’ అని అడిగి కొనండి. పెస్టో పుట్టిన ఇటలీలోని జెనోవా ప్రాంతపు రకం అది. అక్కడి బేసిల్‌కు 2005లో యూరోపియన్ యూనియన్ డీఓపీ (ప్రాంతపు పేరుకు రక్షణ) గుర్తింపు ఇచ్చింది. అక్కడ రెండు నుంచి నాలుగు జతల ఆకులున్న లేత మొక్కలనే వేర్లతో సహా పీకి కట్టలు కడతారు. పెస్టోకు లేత ఆకే ప్రాణం.

మన దగ్గర అక్టోబరు, నవంబరుల్లో విత్తుకుంటే మంచిది. తడి తగలగానే గింజకు జిగురు పొర కడుతుంది, లోతుగా పూడ్చకుండా పైన పల్చగా కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) చల్లండి. వారం పది రోజుల్లో మొలుస్తాయి. పది అంగుళాల కుండీకి రెండు మూడు మొక్కలు, రోజుకు ఆరు గంటల ఎండ. నీళ్లు ఉదయం పూట, మొక్క మొదలు దగ్గరే పోయండి. ఏప్రిల్, మే ఎండలకు మాత్రం గ్రీన్ నెట్ కట్టాలి.

మొక్క ఆరంగుళాలు రాగానే తల తుంచండి. ఆకుల జత మొదట్లో, కాండానికి ఆనుకుని చిన్న చిగుళ్లు కనిపిస్తాయి. వాటికి కాస్త పైన గిల్లితే రెండు కొమ్మలు వస్తాయి. చాలామంది కింది పెద్ద ఆకులు కోసుకుని తల వదిలేస్తారు, మొక్క పొడుగ్గా సాగి పూతకొస్తుంది. పూమొగ్గ కనబడితే ఆ రోజే తీసేయండి. పూత ముదిరితే ఆకు గట్టిపడి రుచి తగ్గుతుంది. ఒక్కసారి మూడో వంతుకు మించి కోయవద్దు. వేపనూనె కొట్టిన ఆకు పెస్టోలో చేదు, తెల్లదోమ వస్తే నీటి ధారతో ఆకుల అడుగు కడగండి.

నల్లబడటం మిక్సీలో ఆకు నలిగి గాలి తగలడం, వేడెక్కడం వల్ల. రోలుంటే వెల్లుల్లి, రాళ్లుప్పు, పైన్ నట్స్ (చిల్గోజా పప్పు) నూరి, తర్వాత ఆకు వేయండి. పైన్ నట్స్ ఖరీదనుకుంటే జీడిపప్పు బాగుంటుంది, పల్లీలు వేస్తే మాత్రం వాటి వాసనే పైకి తేలుతుంది. మిక్సీయే అయితే జార్‌ను ఫ్రిజ్‌లో చల్లబరిచి, ఆపి ఆపి తిప్పండి. చీజ్, ఆలివ్ నూనె చివర్లో గరిటెతో కలపండి. మిక్సీలో గట్టిగా తిప్పితే ఆలివ్ నూనె కూడా చేదెక్కవచ్చు. కోసిన ఆకును ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి నల్లబడుతుంది. కొమ్మలను గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. పెస్టోను మాత్రం బయట ఉంచవద్దు, నూనెలో పచ్చి వెల్లుల్లి ప్రమాదం. ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి, మిగిలింది ఐస్ ట్రేలో గడ్డకట్టించుకోండి.